బొబ్బిలి మీదికి ఫిరంగులతో వచ్చిన బుస్సీ అసలు ఎవరు, చివరికి ఏమయ్యాడు?

మీరు అడిగింది ఇదీ: బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన వచ్చిన బుస్సీ ఎవరు, ఒక ఫ్రెంచివాడికి హైదరాబాదులోనూ ఉత్తర కోస్తాలోనూ అంత అధికారం ఎలా వచ్చింది, తర్వాత అతనేమయ్యాడు, హైదరాబాదులోని మూసారాంబాగ్ పేరు అతని వల్ల వచ్చిందేనా అని. దక్కన్ చరిత్రను డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు చెప్పినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు మూసారాంబాగ్ సంగతి. ఆ పేరు బుస్సీ వల్ల రాలేదు, జనం నోట మూసా రాం అయిన రేమండ్ అనే మరో ఫ్రెంచి సేనాని వల్ల వచ్చిందని చెబుతారు. అతని సమాధే అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. రేమండ్ 1755లో పుట్టి 1798లో చనిపోయాడు. బుస్సీ హైదరాబాదు సేవ వదిలి వెళ్లిన 1758 నాటికి అతను మూడేళ్ల పసివాడు. ఇద్దరికీ ఒక చోట కలయిక ఉంది. బుస్సీ ముసలితనంలో కడలూరులో ఉన్నప్పుడు, 1783లో, రేమండ్ అతని కింద పనిచేశాడు. ఇద్దరూ నిజాముల దగ్గర కొలువు చేసిన ఫ్రెంచివాళ్లే కావడంతో జనం కలిపేస్తుంటారు.

ఇక అసలు మనిషి. పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతీసియే ద బుస్సీ. ఉత్తర ఫ్రాన్స్‌లో స్వాసోన్ పట్నం దగ్గర, 1720 ప్రాంతంలో పుట్టాడు. పేరుకు కులీన కుటుంబమే గానీ ఆస్తి పెద్దగా లేదు. అలాంటి ఇళ్లలో కుర్రాళ్లకు అప్పట్లో దారి ఒకటే, సైన్యం. బుస్సీ ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1740ల్లో పాండిచ్చేరికి వచ్చాడు. 1748లో ఇంగ్లీషువాళ్లు పాండిచ్చేరిని ముట్టడిస్తే కాపాడినవాళ్లలో ఇతనొకడు. అప్పటి గవర్నర్ డూప్లే కంట్లో పడింది అప్పుడే.

అతని కథలో యుద్ధాలు, కుట్రలు, హత్యలు వరసగా వస్తాయి. పేర్లు ఎక్కువ కాబట్టి చదివేవాళ్లకు తల తిరుగుతుంది. నేను క్లాసులో ఒక్క మాట చెప్పేవాణ్ని: ప్రతి మలుపులోనూ సైనికుల జీతం ఎవరు ఇస్తున్నారో, ఎక్కడి నుంచి తెస్తున్నారో చూడండి, మిగతాదంతా అర్థమవుతుంది. బుస్సీ హైదరాబాదులో నిలబడింది జీతం సక్రమంగా ఇవ్వడం వల్ల. కోస్తా సర్కార్లు, అంటే తీరం వెంట ఉన్న శిస్తు జిల్లాలు, ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చింది జీతాల కోసం. బొబ్బిలి దగ్గరికి ఫిరంగులు వెళ్లడానికి కూడా మూలం అక్కడే ఉంది.

1748లో నిజాం ఉల్ ముల్క్ చనిపోయాక దక్కన్ సుబేదారీ (మొఘలుల పేర దక్కన్‌ను ఏలే పదవి) కోసం అతని కొడుకు నాసిర్ జంగ్‌కూ, కూతురి కొడుకు ముజఫర్ జంగ్‌కూ తగాదా వచ్చింది. ఆర్కాటు నవాబు పదవి కోసం అన్వరుద్దీన్‌కూ చందా సాహెబ్‌కూ మరో తగాదా. డూప్లే ముజఫర్ జంగ్, చందా సాహెబ్‌ల పక్షాన దిగాడు. 1749 ఆగస్టు 3న ఆంబూరు దగ్గర జరిగిన యుద్ధంలో అన్వరుద్దీన్ చనిపోయాడు. బుస్సీకి పేరొచ్చిన మొదటి యుద్ధం అదే.

అయితే దేశమంతా అతని పేరు చెప్పుకున్నది సెంజి కోట విషయంలో. మూడు కొండల మీద కట్టిన కోట అది. మొఘలులు దాన్ని ముట్టడించి 1698లో పట్టుకోవడానికి ఏళ్లకేళ్లు పట్టింది. 1750 సెప్టెంబరులో బుస్సీ కొన్ని వందల మంది ఫ్రెంచి సైనికులతో, దేశీయ సిపాయిలతో వెళ్లి, సాయంత్రం కోట ముందు శత్రువును ఓడించి, దిగువ కోట తలుపును మందుపాతరతో పేల్చి లోపలికి దూరాడు. రాత్రంతా చీకట్లో ఆ మూడు కొండలూ ఎక్కించాడు. తెల్లవారేసరికి సెంజి అతని చేతిలో ఉంది. దెబ్బతో ఫ్రెంచివాళ్లంటే దక్షిణాదిన ఒక భయం పుట్టింది. ఆ భయమే తర్వాత చాలా యుద్ధాలను తప్పించింది.

అదే ఏడాది డిసెంబరులో నాసిర్ జంగ్ తన వెంట ఉన్న పఠాను నవాబుల కుట్రలో హతమయ్యాడు. ముజఫర్ జంగ్ సుబేదారయ్యాడు. అతన్ని హైదరాబాదు దాకా దిగబెట్టి రావడానికి 1751 జనవరిలో డూప్లే బుస్సీని పంపాడు. వెంట 300 మంది ఫ్రెంచివాళ్లు, 2000 మంది సిపాయిలు. వెళ్లి దిగబెట్టి రావడం అనుకున్న ఆ పని ఏడేళ్లు సాగింది.

దారిలోనే కథ అడ్డం తిరిగింది. ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర లక్కిరెడ్డిపల్లి ప్రాంతంలో కడప, కర్నూలు, సావనూరు నవాబులు ఎదురు తిరిగారు. నాసిర్ జంగ్‌ను చంపించినందుకు తమకు ఇస్తామన్నది ఇవ్వలేదని వాళ్ల కోపం. బుస్సీ ఫిరంగులతో వాళ్ల వరసలు చెదిరిపోయాయి. కానీ ముజఫర్ జంగ్ ఆవేశంగా తరుముకుంటూ వెళ్లి కర్నూలు నవాబుతో ముఖాముఖి పోరులో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ నవాబు కూడా అక్కడే చనిపోయాడు. ఎవరి కోసం ఇంత దూరం వచ్చారో ఆ మనిషే లేడు. సైన్యం చెదిరిపోయే టెన్షన్ లో బుస్సీ అప్పటికప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాడు. అదే శిబిరంలో బందీగా ఉన్న నిజాం ఉల్ ముల్క్ మరో కొడుకు సలాబత్ జంగ్‌ను బయటికి తెచ్చి సుబేదారుగా కూర్చోబెట్టాడు. పాండిచ్చేరికి రాసి అనుమతి తెప్పించుకునే వ్యవధి లేదు. ముప్పై ఏళ్ల ఆ సైనికాధికారి కడప సీమలో ఒక పూటలో దక్కన్ పాలకుణ్ని మార్చేశాడన్నమాట. అక్కడి నుంచి కర్నూలు కోట పట్టుకుని, హైదరాబాదు మీదుగా ఔరంగాబాదు చేరారు.

అంత చిన్న సైన్యంతో ఇది ఎలా సాధ్యమైందని విద్యార్థులు అడిగేవారు. అప్పటి దక్కన్ సైన్యాల్లో ప్రధాన బలం గుర్రపు దళం. సర్దారు తన గుర్రాలను, మనుషులను తెచ్చుకుంటాడు. గుర్రం పోతే అతని ఆస్తి పోయినట్టే కాబట్టి గట్టి ఎదురుకాల్పుల మీదికి దూకడానికి వెనకాడతాడు. పైగా జీతాలు నెలల తరబడి బకాయి ఉండేవి. బుస్సీ సిపాయిలు కాలిబంట్లు. తుపాకీ చివర బాయ్‌నెట్, వరసలో నిలబడి ఆదేశం మీద కాల్చడం, వెంట త్వరగా లాక్కెళ్లే చిన్న ఫిరంగులు, ప్రతి నెలా చేతికి జీతం. ఈ నాలుగూ కలిస్తే పది రెట్లు పెద్ద గుర్రపు దళం కూడా దగ్గరికి రాలేకపోయేది. ఇలా శిక్షణ పొందిన దేశీయ కాలిబంట్లనే గార్దీలు అనేవారు. పానిపట్టులో 1761లో మరాఠాల ఫిరంగి దళాన్ని నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ బుస్సీ దగ్గర తయారైనవాడే.

1751 చలికాలంలో పీష్వా బాలాజీ బాజీరావుతో యుద్ధం వచ్చింది. చంద్రగ్రహణం రాత్రి, మరాఠా శిబిరంలో స్నానాలు, పూజలు జరుగుతున్న వేళ బుస్సీ దాడి చేశాడు. పీష్వా త్రుటిలో తప్పించుకున్నాడు, పూజకు వాడే బంగారు పాత్రలు కూడా దొరికిపోయాయి. పుణె దిశగా ఇంకా ముందుకు వెళ్లగలిగేవాళ్లే. ఆగింది ఎందుకంటే సలాబత్ జంగ్ సొంత సైన్యం జీతాల్లేక తిరగబడింది. సంధి చేసుకోవలసి వచ్చింది. కొన్ని నెలలకే నిజాం దివాను, అంటే ప్రధానమంత్రి, రఘునాథదాసును బకాయిల కోసం గొడవపడుతున్న సైనికులు చంపేశారు. ఫ్రెంచివాళ్లకు దర్బారులో అండగా ఉన్నవాడు అతనే.

సలాబత్ జంగ్ గురించి ఒక్క మాట. మెతక మనిషి. ఎవరు పక్కన ఉంటే వాళ్ల మాటే మాట. అందుకని దివాను పదవి ఎవరిదైతే రాజ్యం వాళ్లదే. కొత్త దివాను సయ్యద్ లష్కర్ ఖాన్‌కు ఫ్రెంచివాళ్లు అక్కడ ఉండటం సుతరామూ ఇష్టం లేదు. 1753 మొదట్లో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నం వెళ్లాడు. ఆ సందు చూసుకుని లష్కర్ ఖాన్ ఫ్రెంచి సిపాయిలను పన్నుల వసూలు పేరుతో ఊరికొక గుంపుగా చెదరగొట్టి, జీతాలు ఆపేశాడు. సైనికులు ఆకలికి దోపిడీకి దిగారు, కొందరు పారిపోయారు. కత్తి తీయకుండా సైన్యాన్ని చంపడమంటే అదీ.

బుస్సీ కోలుకుని హైదరాబాదు వచ్చి, తన పూచీ మీద అప్పులు తెచ్చి బకాయిలు తీర్చి, దండునంతా పోగుచేసుకుని ఔరంగాబాదు నడిచాడు. అక్కడ గొడవ పడలేదు. మర్యాదగానే, ఎంతో ఖరీదైన ఒక పని చేయించుకున్నాడు. ఫ్రెంచి సైన్యం జీతాలు ఇకపై ఖజానా నుంచి కాకుండా నేరుగా భూమి శిస్తు నుంచి వచ్చేలా నాలుగు సర్కార్లు రాయించుకున్నాడు. ముస్తఫానగర్ అంటే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు అంటే శ్రీకాకుళం. మచిలీపట్నం, కొండవీడు ప్రాంతాలు అప్పటికే ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. 1753 చివరికల్లా కృష్ణ కింది నుంచి గంజాం దాకా తీరమంతా ఫ్రెంచి కంపెనీ వసూళ్ల కిందికి వచ్చింది. నాలుగు సర్కార్ల శిస్తు ఏడాదికి 30 లక్షల రూపాయలకు పైగా అని కాగితం మీద లెక్క.

కాగితం మీద అని ఎందుకంటున్నానంటే, ఆ శిస్తు తీయాల్సింది జమీందార్ల దగ్గర. విజయనగరం పూసపాటివారు, బొబ్బిలి వెలమ దొరలు, ఇంకా అడవి అంచున్న చిన్న పెద్ద సంస్థానాలు. వీళ్లకు సొంత కోటలు, సొంత బంట్లు ఉన్నారు. నిజాం ఫౌజుదారు (ఆ ప్రాంతపు సైనికాధికారి) సైన్యంతో వస్తే పేష్కషు, అంటే కప్పం, కడతారు, వెనక్కి పోగానే ఆపేస్తారు. పాత ఫౌజుదారు జాఫర్ అలీ అయితే ఫ్రెంచివాళ్లకు పెత్తనం అప్పగించడం ఇష్టం లేక మరాఠాలను పిలిపించి దోపిడీ చేయించాడు. 1754లో బుస్సీ స్వయంగా వచ్చి వ్యవహారాలు సర్దాడు. పూసపాటి విజయరామరాజుతో ఒప్పందం కుదిరింది అప్పుడే. అంత పొడుగు తీరంలో శిస్తుకు పూచీపడే బలమైన స్థానికుడు ఒకడు కావాలి. విజయరామరాజుకు తన ఇరుగుపొరుగు మీద పైచేయి కావాలి. బొబ్బిలి కథకు బీజం ఇక్కడ పడింది.

ఈలోగా పాండిచ్చేరిలో డూప్లే ఉద్యోగం పోయింది. యుద్ధాల ఖర్చు భరించలేక కంపెనీ డైరెక్టర్లు 1754లో గొద్దో అనే అతన్ని పంపి డూప్లేను వెనక్కి పిలిచారు. డూప్లే సవతి కూతురితో బుస్సీకి పెళ్లి నిశ్చయమై ఉంది, అది జరగలేదు. కావలసినవాడు పోయినా బుస్సీని మాత్రం కొత్త గవర్నరు కదపలేదు. కదిపితే సర్కార్ల శిస్తు పోతుందని తెలుసు. మరుసటి ఏడు సలాబత్ జంగ్‌ను వెంటబెట్టుకుని మైసూరు వెళ్లి పాత పేష్కషు కింద 52 లక్షలు వసూలు చేయించి ఇచ్చాడు. నిజాం ఖజానాకు అది ఊపిరి.

1756 వేసవిలో అసలు పరీక్ష వచ్చింది. సావనూరు దండయాత్ర పూర్తవుతూనే అప్పటి దివాను షా నవాజ్ ఖాన్ సలాబత్ జంగ్ చేత బుస్సీకి ఉద్వాసన ఉత్తర్వు ఇప్పించాడు. దారిలోనే దాడి చేసి తుడిచిపెట్టాలన్నది ఆలోచన. బుస్సీ వాదించలేదు. మచిలీపట్నం పోతున్నట్టు బయల్దేరి తిన్నగా హైదరాబాదు వచ్చి, మూసీ ఒడ్డున చార్‌మహల్ అనే పెద్ద తోటలో దండు దించాడు. ప్రహరీ గోడలు, నీళ్లు, చుట్టూ ధాన్యం దొరికే ఊరు. సర్కార్ల వసూళ్ల నుంచి, సాహుకార్ల అప్పుల నుంచి డబ్బు సర్దుకుంటూ రెండు నెలలు నిలిచాడు. సిపాయిలు చాలామంది వదిలిపోయారు కానీ ఫ్రెంచివాళ్లు కదల్లేదు. ఆగస్టులో మచిలీపట్నం నుంచి లా అనే సేనాని సాయం తీసుకుని చేరాడు. సలాబత్ జంగ్ రాజీకి దిగి వచ్చాడు.

ఆ రెండు నెలల్లో ఒక విషయం బెంగాల్లో తేలింది. సలాబత్ జంగ్ దర్బారు మద్రాసు ఇంగ్లీషువాళ్లను సాయం అడిగింది, వాళ్లు సిద్ధపడ్డారు కూడా. సరిగ్గా అప్పుడే బెంగాలు నవాబు సిరాజుద్దౌలా కలకత్తా పట్టుకున్నాడన్న వార్త మద్రాసుకు చేరింది. హైదరాబాదుకు రావాల్సిన పటాలం ఇంగ్లీషు సేనాని క్లైవుతో బెంగాలు వెళ్లింది. అది ఇటు వచ్చి ఉంటే చార్‌మహల్లో బుస్సీ నిలిచేవాడు కాదని నా అంచనా.

గెలిచాడు గానీ ఖజానా ఖాళీ. సర్కార్లలో వసూళ్లు ఆగిపోయాయి, తను నియమించిన ఇబ్రహీం ఖానే ఎదురు తిరిగాడు. 1756 చివర్లో బుస్సీ సర్కార్లకు బయల్దేరింది బకాయిల కోసం. విజయరామరాజు ఎదురొచ్చి, లెక్కలు తేల్చి, సొంత సైన్యంతో వెంట నడిచాడు. నడుస్తూ నడుస్తూ బొబ్బిలి మాట ఎత్తాడు.

ఇక్కడ రెండు కథనాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఇంగ్లీషు కంపెనీ చరిత్రకారులు రాసినదాని ప్రకారం, బుస్సీ ముందు రాజీ మార్గం చూపాడు. బొబ్బిలి వదిలేస్తే వేరేచోట అంతకు తగిన భూములు ఇస్తానన్నాడు. తాతల నాటి కోట వదలడం బొబ్బిలి దొర రంగారావుకు సమ్మతం కాలేదు. అంతలో బొబ్బిలి అడవిలో బుస్సీ సిపాయిల గుంపు మీద దాడి జరిగి కొందరు చనిపోయారు. ఆ దాడి విజయరామరాజే చేయించి రంగారావు మీద పెట్టాడని కూడా ఆ రాతల్లోనే ఉంది. మన బుర్రకథల వైపు నుంచి అయితే దోషం హైదర్ జంగ్‌ది. ఇతను మచిలీపట్నంవాడు, అసలు పేరు అబ్దుల్ రహమాన్, బుస్సీకి దుబాసీ (మాటలు అనువదించేవాడు), దివాను, అన్నీ. విజయరామరాజు దగ్గర లంచం తిని, బొబ్బిలివాళ్ల మాటలు బుస్సీకి చేరకుండా చేశాడని కథకులు పాడతారు. బుస్సీ అన్ని బేరాలూ హైదర్ జంగ్ ద్వారానే నడిపేవాడన్నది వాస్తవం. కాబట్టి ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం.

1757 జనవరి 24 తెల్లవారుజామున ఫిరంగులు మొదలయ్యాయి. బొబ్బిలిది మట్టికోట. మట్టిగోడలకు గండ్లు పడ్డాయి కానీ గండ్ల మీదికి ఎక్కిన ప్రతి దఫా లోపలివాళ్లు తిప్పికొట్టారు. గంటల తరబడి అదే తంతు. నిలబడేదారి లేదని తేలాక రంగారావు తనవాళ్లను పిలిచి మాట్లాడాడు. ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని ఇళ్లకు నిప్పు పెట్టారు, తప్పించుకోబోయినవాళ్లను సొంతవాళ్లే పొడిచారు. తర్వాత మగవాళ్లు గోడల మీదికి వచ్చి చనిపోయేదాకా పోరాడారు. రంగారావు తుపాకీ గుండుకు కూలాడు. లోపలికి వెళ్లిన ఫ్రెంచి సైనికులు చూసింది శవాలను, మంటలను. ఒక ముసలాయన రంగారావు కొడుకును, పసివాణ్ని, తీసుకొచ్చి లాకు అప్పగించాడు. బుస్సీ ఆ పిల్లవాణ్ని తన రక్షణలోకి తీసుకుని భూములు అతనికే చెందుతాయని ప్రకటించాడు. అతనే తర్వాతి చిన్న రంగారావు.

మూడో రాత్రి బొబ్బిలి పక్షపు సర్దారు తాండ్ర పాపారాయుడి పగ. రాజాం నుంచి వచ్చి విజయరామరాజు డేరాలో దూరి పొడిచి చంపి, అక్కడే తనూ ప్రాణం విడిచాడు. బుస్సీ దండు మధ్యలో, ఫ్రెంచి కాపలాల మధ్య జరిగిందది. శిస్తుకు పూచీగా నిలిచిన మనిషి పోయాడు. అతని వారసుడు ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్ల మీద నమ్మకం పోయింది. ఆ అపనమ్మకం ఖరీదు రెండేళ్లలో తేలింది, కింద చెబుతాను.

బుస్సీ దోషి కాడని అనేవాళ్లు ఫ్రెంచి రచయితల్లో ఉన్నారు. నా అభిప్రాయం వేరు. ఆ నరమేధం అతను కోరుకోలేదు, అంతవరకు నిజం. కానీ ఒక జమీందారు మాట మీద పక్క జమీందారు కోట కూల్చడానికి ఫిరంగులు ఇచ్చింది అతనే. విచారించడానికి రంగారావును పిలిపించి ఎదురుగా వినే వ్యవధి అతనికి ఉంది. జీతాల రోజు దగ్గరపడుతుంటే విచారణకు ఓపిక లేకపోయింది. ఆ లోపాన్ని అతని ఖాతాలోనే రాయాలి.

అక్కడి నుంచి ఉత్తరాన గుంసూరు దాకా వెళ్లాడు. సిరాజుద్దౌలా సాయం రమ్మని అతనికి జాబులు రాశాడు. మార్చిలో క్లైవు బెంగాల్లోని ఫ్రెంచి స్థావరం చంద్రనగరం పట్టుకోవడంతో బెంగాల్లో దిగడానికి ఫ్రెంచివాళ్లకు చోటు లేకుండా పోయింది. బుస్సీ వెనక్కి తిరిగి ఇంగ్లీషు వర్తక స్థావరాల మీద పడ్డాడు. ఇంజరం, మాధవాయపాలెం, బండమూర్లంక ఒక్కొక్కటే లొంగాయి. జూన్ 25 ప్రాంతంలో విశాఖపట్నం కోట లొంగింది. ఖైదీలను మర్యాదగా చూశాడని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. రెండు రోజుల ముందే, జూన్ 23న, బెంగాల్లో ప్లాసీ యుద్ధం జరిగింది. ఇక్కడ వైజాగ్ పోగొట్టుకున్న ఇంగ్లీషు కంపెనీ అక్కడ బెంగాలునే సంపాదించింది. ఇంగ్లీషువాళ్లకు ఇక జీతాల బాధ తీరింది. ఫ్రెంచివాళ్లకు అంత ఆదాయం వచ్చే సీమ ఎక్కడా లేదు.

1758 మొదట్లో ఔరంగాబాదు చేరి దౌలతాబాదు కోటను ఉపాయంతో చేజిక్కించుకున్నాడు. షా నవాజ్ ఖాన్‌ను బందీగా పెట్టాడు. ఇప్పుడు దర్బారులో ఎదురులేదు అనుకుంటుండగా మే నెలలో సలాబత్ తమ్ముడు నిజాం అలీ, హైదర్ జంగ్‌ను మాటలకని డేరాకు పిలిపించి చంపించి పారిపోయాడు. ఆ అలజడిలోనే షా నవాజ్ ఖాన్ కూడా హతమయ్యాడు. బుస్సీ ఆ గొడవను అణచగలిగాడు. కానీ అప్పటికే పాండిచ్చేరిలో లాలీ దిగాడు.

లాలీ ఐరిష్ వంశపు ఫ్రెంచి జనరల్, ధైర్యవంతుడే. భారతదేశం గురించి అతనికి ఏమీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. ఇంగ్లీషువాళ్లను ఈ ద్వీపకల్పం నుంచి తరిమేయడం ఒక్కటే తన రాజకీయం అని రాశాడు. నిజాం దర్బారులో బుస్సీ నడుపుతున్నదంతా కంపెనీ మనుషులు డబ్బు చేసుకునే తతంగం అని అతని నమ్మకం. జూన్‌లో ఉత్తర్వు పంపాడు: సైన్యంతో సహా వెంటనే వచ్చేయ్, సర్కార్లు కాన్‌ఫ్లాం అనే అధికారికి అప్పగించు. బుస్సీ ఎంతో నచ్చజెప్పి రాశాడు. తనిక్కడ లేకపోతే ఆరు నెలల్లో అంతా పోతుందని అతనికి తెలుసు. అయినా సైనికుడు కాబట్టి కదిలాడు. సలాబత్ జంగ్ వెళ్లొద్దని బతిమాలుకున్నాడు.

పోయింది కూడా అలాగే. ఆనంద గజపతిరాజు విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్లకు కబురు పెట్టాడు. క్లైవు కర్నల్ ఫోర్డును సముద్రం మీద పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో కాన్‌ఫ్లాం ఓడాడు. 1759 ఏప్రిల్ మొదట్లో రాత్రిపూట దాడిలో మచిలీపట్నం కోట పడిపోయింది. కాన్‌ఫ్లాంకు సాయంగా బయల్దేరిన సలాబత్ జంగ్ మచిలీపట్నం దగ్గరి దాకా వచ్చి, ఓడినవాళ్లను వదిలేసి మే నెలలో ఫోర్డుతో సంధి చేసుకున్నాడు. ఫ్రెంచివాళ్లను తన రాజ్యంలో ఇక ఉంచుకోనని ఒప్పుకున్నాడు. ఏడేళ్ల కష్టం ఏడాది తిరక్కుండానే పోయింది. విజయరామరాజు బతికి ఉంటే ఇంగ్లీషువాళ్లకు ఆ కబురు వెళ్లేది కాదని నేను గట్టిగా అనుకుంటాను. బొబ్బిలి యుద్ధం ఫ్రెంచి వైపు గెలుపుగా లెక్కలో ఉంది, ఫలితం చూస్తే వాళ్ల ఓటమి అక్కడే మొదలైంది.

దక్షిణాదిలో తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. లాలీకీ బుస్సీకీ పొసగలేదు. హోదాలో బుస్సీ కంటే పై అధికారులైన కర్నల్స్ కొందరు, మాకంటే అతన్నే పైన పెట్టండి అని లాలీకి రాసిచ్చారు. లాలీ అనుమానం ఇంకా పెరిగింది. మద్రాసు ముట్టడి 1759 ఫిబ్రవరిలో విఫలమైంది. 1760 జనవరి 22న వందవాసి దగ్గర ఇంగ్లీషు సేనాని అయిర్ కూట్ చేతిలో లాలీ ఓడాడు. మందుగుండు బండి పేలి ఫ్రెంచి ఎడమ వైపు చెదిరిపోతుంటే బుస్సీ ఒక పటాలాన్ని తీసుకుని బాయ్‌నెట్లతో ముందుకు దూకాడు. గుర్రం కూలింది, వెంట ఉన్నవాళ్లు చెదిరారు, అతను ఖైదీగా చిక్కాడు. కూట్ అతన్ని పరోల్ మీద, అంటే మళ్లీ యుద్ధం చేయనన్న మాట తీసుకుని, పాండిచ్చేరి పోనిచ్చాడు. ఏడాది తిరిగేసరికి పాండిచ్చేరి కూడా పడిపోయింది.

ఫ్రాన్స్ చేరాక లాలీ, బుస్సీ ఒకరి మీద ఒకరు పత్రాలు అచ్చువేసుకున్నారు. లాలీ మీద విచారణ జరిగి 1766 మే నెలలో తల నరికించారు. ఓటమికంతటికీ ఒక్కణ్ని బలి ఇచ్చారన్నది నిజం, ఆ తీర్పు అన్యాయమనే నేనూ అంటాను. బుస్సీ మాత్రం హాయిగా బతికాడు. హైదరాబాదులో సుబేదార్లు ఇచ్చిన కానుకలతో అతను చాలా సంపన్నుడు. మంత్రి షువాజల్ బంధువుల పిల్లను పెళ్లి చేసుకున్నాడు, కాస్తెల్నో ఎస్టేటు కొని మార్క్విస్ అనే కులీన బిరుదు పొందాడు. నెలనెలా జీతాలకు అప్పులు చేస్తున్న సైన్యానికి అధిపతి ఇంత ధనంతో ఎలా వెళ్లాడు అని మీకు అనుమానం రావచ్చు. సర్దారుకు నజరానా, సైన్యానికి శిస్తు. ఆ కాలంలో రెండూ వేరువేరు సంచులు. దీన్ని అప్పటి ఫ్రెంచివాళ్లూ తప్పు పట్టారు, ఇంగ్లీషు వైపు క్లైవు మీద వచ్చిన ఆరోపణా ఇదే.

ఇరవై ఏళ్ల తర్వాత అతన్ని మళ్లీ పంపారు. ఇంగ్లీషువాళ్లతో యుద్ధం నడుస్తోంది, మైసూరు హైదర్ అలీ ఫ్రెంచి సాయం కోసం ఎదురుచూస్తున్నాడు. బుస్సీ పేరు వింటే నిజాము, మరాఠాలు కలిసివస్తారని పారిస్‌లో ఆశ. దారిలోనే చాలా ఆలస్యమైంది. 1783 మార్చిలో పోర్టోనోవోలో దిగేసరికి హైదర్ అలీ చనిపోయి మూడు నెలలైంది. బుస్సీకి అరవై దాటాయి, జబ్బు మనిషి. టిప్పు తను విన్న బుస్సీ కోసం చూశాడు, ఆ బుస్సీ కనబడలేదు. కడలూరు గోడల వెనక కాచుకుని, జూన్ 13న జనరల్ స్టువర్ట్ దాడిని మాత్రం గట్టిగానే తట్టుకున్నాడు. సముద్రం మీద ఫ్రెంచి నౌకాధిపతి సుఫ్రెన్ ఇంగ్లీషు నౌకాదళాన్ని తరిమాడు. ముట్టడి తిరగబడే వేళకు ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త వచ్చి తుపాకులు ఆగాయి. మంగుళూరు ముట్టడిలో టిప్పు వెంట ఉన్న ఫ్రెంచి దళాన్ని కూడా వెనక్కి రమ్మన్నాడు. టిప్పు దాన్ని నమ్మకద్రోహంగానే చూశాడు.

సంధిలో పాండిచ్చేరి ఫ్రెంచివాళ్లకు తిరిగి వచ్చింది. భారతదేశంలో వాళ్ల వ్యవహారాల అధిపతిగా ఉంటూ బుస్సీ 1785 జనవరి 7న అక్కడే చనిపోయాడు. సలాబత్ జంగ్‌ను అప్పటికి ఎప్పుడో తమ్ముడు నిజాం అలీ దించేసి బీదరు కోటలో పెట్టాడు, 1763లో అక్కడే అతని ప్రాణం తీశారు. జీతాల కోసం బుస్సీ రాయించుకున్న ఆ నాలుగు సర్కార్లు 1766 ఒప్పందంతో ఇంగ్లీషు కంపెనీకి ఖాయమయ్యాయి. నిజాముకు బదులుగా దక్కింది ఏడాదికి ఇంత అని ఒక పేష్కషు, అవసరమైనప్పుడు పటాలాలు పంపుతామన్న మాట.